రోడ్డు పక్క నాలుగు సాళ్ళు

నన్ను ఊళ్ళో అందరూ ట్యాంకు అంటారు. నలభై ఏళ్ళు పదహారు లీటర్ల మందు ట్యాంకు వీపున వేసుకుని, ఎవరు పిలిస్తే వాళ్ళ పొలానికి వెళ్ళినవాణ్ణి కాబట్టి ఆ పేరు వచ్చింది. నాకేమీ కోపం లేదు. ఏ పురుగుకి ఏ మందు, ఏ తెగులుకి ఎంత పొడి, గాలి ఎటు వీస్తుంటే ఎటు నడవాలి అని నన్ను అడిగినవాళ్ళే గాని నాకు చెప్పినవాళ్ళు లేరు. అందుకే ఆ ఎండాకాలం నా కోడలు నా చేతిలోంచి ట్యాంకు తీసుకుని గోడ కొక్కేనికి తగిలించి, "ఈ పంట చేతికొచ్చేదాకా దీన్ని ముట్టుకోకండి మావయ్యా" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

అంతకు ముందు రెండు పంటలు మా చేతికి రాలేదు. టమాటా మొక్క మోకాలి ఎత్తుకు వచ్చేసరికి చిగుళ్ళు పసుపు తిరిగేవి, ఆకుల అంచులు పైకి ముడుచుకుపోయేవి, పూత రాలిపోయేది. ఆకుముడత అంటారు. వైరస్ అది. తెల్లదోమ ఒక జబ్బు మొక్క రసం పీల్చి ఇంకో మొక్క మీద వాలితే చాలు, అంటుకుంటుంది. మొదటిసారి నేను దోమకి నాలుగు రకాల మందులు కొట్టాను. రెండోసారి ఏడు రకాలు కొట్టాను. దోమ పోయేది, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేది. రెండుసార్లూ మొక్కలన్నీ పీకి కాల్చేశాం. ఆ పొగ ఇంట్లోకి వస్తుంటే మా ఆవిడ కిటికీలు మూసేసి నాతో రెండు రోజులు మాట్లాడలేదు, వైరస్‌ని నేనే చెయ్యి పట్టుకుని పిలుచుకొచ్చినట్టు.

మా పొలానికి అవతల ఒక ఇటుకల బట్టీ ఉంది. దాని యజమానిని ఇటుకలాయన అంటాం. మంచిగానే మాట్లాడతాడు, ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. ఆయనకి మా పొలం అక్కర్లేదు, పైన ఉన్న మట్టి కావాలి. నడుము లోతు తవ్వుకుని పోతాడు, గొయ్యి మాకు వదిలేస్తాడు. మా అబ్బాయి ఆయన మాటకి సగం పైనే ఒప్పుకున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

"ఇంకెన్నిసార్లు కాలుస్తాం నాన్నా?" అన్నాడు ఓ సాయంత్రం, వరండాలో కూర్చుని. "మట్టి ఇచ్చేస్తే పీడా పోతుంది. నేనేదో పని చూసుకుంటాను."

"మట్టి ఇచ్చేశాక అందులో ఏం పండిస్తావురా, కప్పల్నా?" అన్నాను.

"ఇప్పుడేం పండిస్తున్నాం?"

జవాబు లేనప్పుడు నేను అరుస్తాను, అది నా అలవాటు. అరవబోతుంటే కోడలు తడి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. తను పట్నంలో పంటల ల్యాబ్‌లో సీసాలు కడిగే పనికి వెళ్ళేది. సీసాలు కడుగుతూ కడుగుతూ అక్కడ జరిగేదంతా కళ్ళతోనే నేర్చేసుకుంది.

"ఒక్క పంట ఇవ్వండి," అంది భర్తతో. "ల్యాబ్ మేడంగారు మొక్కకి మేలు చేసే బూజు తల్లి ప్యాకెట్ ఇస్తానన్నారు. దాన్ని నేనే పెంచుతాను. నారు వేళ్ళకి పట్టిస్తే మొక్క గట్టిపడుతుంది."

"బూజుతో వైరస్ చస్తుందా?" అని నేను నవ్వాను.

"చావదు మావయ్యా. వైరస్‌ని ఏదీ చంపదు. మొక్క తట్టుకుంటుంది, అంతే. జబ్బు తగిలిన మొక్క కూడా పడిపోకుండా కాస్తుంది. ఎక్కువ ముదిరినవి ఉంటే పీకేస్తాం."

"నలభై ఏళ్ళు నేను బూజుని చంపడానికి మందు కొట్టాను. ఇప్పుడు నువ్వు దాన్ని ఇంట్లో పెట్టి పోషిస్తానంటావు!"

మా అబ్బాయి నన్నూ చూశాడు, పెళ్ళాన్నీ చూశాడు. "తొలి కోత దాకా చూస్తాను. అప్పటికి చేను నిలబడితే సరే. లేకపోతే ఇటుకలాయనకి మాటిచ్చేస్తాను, ఇంక నన్నెవరూ అడ్డుకోవద్దు," అన్నాడు. ఆ మాట మర్నాడే ఇటుకలాయనకి కూడా చెప్పేశాడు. ఆయన నవ్వుతూ, తొలి కోత రోజున వచ్చి కలుస్తానన్నాడు.

అలా ఆ నేల బతుకు మా కోడలి బూజు చేతిలో పడింది.

మా చిన్న గదిలో మంచం తీసేసి బల్ల వేశారు. కోడలు గింజలు ఉడికించి, ఆరబెట్టి, పలచటి కవర్లలో పోసి, ఆవిరి పట్టి, చల్లారాక ఒక్కొక్క కవర్లో ల్యాబ్ నుంచి తెచ్చిన పొడి చిటికెడు వేసి మూతి కట్టేసేది. నాలుగు రోజులకి గింజల మీద తెల్లటి నూగు వచ్చేది, వారానికి అదంతా చిక్కటి ఆకుపచ్చ అయిపోయేది. ట్రైకోడెర్మా అట దాని పేరు. మా ఆవిడ దాన్ని పచ్చమ్మ అని పిలిచేది. "పచ్చమ్మ లేచిందా? పచ్చమ్మకి ఎండ తగులుతోంది, కర్టెన్ వెయ్యి" అంటూ అత్తాకోడళ్ళిద్దరూ దానికి చేసే సేవలు చూస్తుంటే, నలభై ఏళ్ళలో నాకు ఎవరైనా ఒక్క కర్టెన్ వేశారా అనిపించేది.

ఆ గదిలోకి వెళ్ళాలంటే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి. నన్ను మాత్రం కడుక్కున్నా రానిచ్చేది కాదు.

"మీ చేతుల్లో మందు వాసన పోదు మావయ్యా. ఏమీ అనుకోకండి."

"నలభై ఏళ్ళ వాసన! ఎలా పోతుంది?" అని నేను గొప్పగానే అన్నాను. లోపల మాత్రం మనసు చివుక్కుమంది.

నారు నాటే రోజు తొట్టిలో నీళ్ళు పోసి ఆ పచ్చపొడి కలిపింది. ట్రేల్లోంచి తీసిన నారుని వేళ్ళు మునిగేలా అరగంట ఉంచి, ఒక్కొక్కటే నాటారు. బాగా చివికిన ఎరువులో కూడా పచ్చపొడి కలిపి పదిహేను రోజులు గోనెపట్టాల కింద తడిగా ఉంచి, దాన్ని ప్రతి మొక్క మొదట్లో గుప్పెడు వేశారు. మొత్తం అరవై సాళ్ళు. రోడ్డు వైపు నుంచి ఒకటి, రెండు అని పుల్లల మీద రాసి గుచ్చింది. నాకు ఇచ్చిన పని నీళ్ళ పైపు పట్టుకోవడం. ఊళ్ళో ట్యాంకు అనే మనిషి తన పొలంలో పైపు పట్టుకుని నిలబడ్డాడు. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు ఆగి మరీ చూశారు.

నాటిన పన్నెండో రోజు. కోడలు మొదటి బస్సుకి ల్యాబ్‌కి వెళ్ళిపోయింది. అబ్బాయి మోటారు బాగుచేయించడానికి వెళ్ళాడు. తెల్లవారుతూనే నేను చేను చూడ్డానికి వెళ్ళాను. మొక్కలు బాగానే ఉన్నాయి. ఊరికే ఉండలేక, మొదటి సాల్లో ఓ మొక్క దగ్గర కూర్చుని మొదట్లో ఎరువుని వేలితో పక్కకి తీశాను.

తెల్లటి దారాలు. సన్నగా, గుబురుగా, ఎరువు ముద్దని పట్టుకుని వేళ్ళ మీదికి పాకుతున్నాయి.

వేరుకుళ్ళు ఎలా మొదలవుతుందో నాకు తెలుసు. ఇలాంటి తెల్లటి దారాలతో మొదలై మూడు రోజుల్లో ఎకరాలకి ఎకరాలు పడిపోవడం ఎన్నిసార్లు చూశాను! కోడలి బూజు ఆకుపచ్చది. గదిలో నేను కిటికీ అవతల నుంచి చూసింది ఆకుపచ్చే. ఇది తెలుపు. రెండో సాల్లో తీసి చూశాను, అక్కడా ఉంది. మూడో సాల్లో ఉంది. అయిపోయింది, ఈ పిల్ల ఎరువుతోపాటు కుళ్ళుని కూడా మోసుకొచ్చి మొక్కమొక్కకీ గుప్పెడు పెట్టింది అనుకున్నాను. ఇంక ఆలస్యం చేస్తే ఇటుకలాయన పారలతో దిగుతాడు.

తనకి ఫోన్ చేయొచ్చు. చెయ్యలేదు. నలభై ఏళ్ళ అనుభవం సీసాలు కడిగే పిల్లని అడగడమేమిటని చెయ్యలేదు. ఈ మాట చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది గాని, నిజం అదే.

ఇంటికి వెళ్ళి కొక్కెం మీంచి ట్యాంకు దించాను. అటక మీద నా పాత పెట్టెలో బూజుమందు ప్యాకెట్ ఒకటి ఉంది, తెల్లపొడి, మంచి గట్టి మందు. కలిపి, నాజిల్ విప్పేసి, మొదళ్ళలోనే పోసుకుంటూ పోయాను. ట్యాంకు వీపున ఎక్కగానే నా నడుము నిటారుగా అయింది. నాలుగు సాళ్ళయ్యేసరికి పొడి అయిపోయింది. మిగతావాటికి పట్నం నుంచి తెప్పిద్దామనుకున్నాను. ట్యాంకు రెండుసార్లు కడిగి, ఎలా ఉందో అలాగే తగిలించి, ప్యాకెట్ పెట్టె అడుక్కి తోసేసి, చొక్కా మీద పడ్డ తెల్లమరకలు పోవాలని దాన్ని పంపు కింద ఉతికి ఆరేశాను.

మా ఆవిడ ఆ చొక్కాని చూసింది, నన్ను చూసింది. "ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మీ చొక్కా మీరు ఉతుక్కోవడం ఇదే మొదలు," అంది. "ఏం చేసొచ్చారు?"

"ఏం చేస్తాను? చెమట పట్టింది."

"మీకు చెమట పడితే నాకు పని పడుతుంది గాని, మీకు పడదే!"

సాయంత్రం కోడలు వచ్చాక చెబుదామనుకున్నాను. ప్రమాదం నేను పట్టుకున్నాను, సగం ఆపాను, మిగతాది నువ్వు చూసుకో అని కాస్త దర్జాగా చెప్పాలని మాటలు కూడా కూర్చుకున్నాను. తను బస్సు దిగి సంచీతోనే నేరుగా చేలోకి వెళ్ళింది. కాసేపటికి అక్కడినుంచి కేక.

"ఏవండీ! మావయ్యా! త్వరగా రండి!"

అబ్బాయీ నేనూ పరిగెత్తాం. పన్నెండో సాల్లో కూర్చుని ఉంది. మొక్క మొదట్లో ఎరువు తీసి చూపించింది. అవే తెల్లదారాలు.

"చూశారా! పట్టింది!" అంది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు. "ఇదే మన బూజు. ముందు తెల్లగానే ఉంటుంది, తర్వాత పచ్చబడుతుంది. వేళ్ళు పట్టుకుందండీ, ఇంక మన మొక్కని వదిలేది లేదు!"

మా అబ్బాయి ఆ దారాల్ని ముట్టుకుని మొదటిసారి నవ్వాడు. నేను కూర్చుకున్న మాటలన్నీ అలాగే ఉండిపోయాయి. "బాగుందమ్మాయ్, బాగుంది" అన్నాను, తేలు కుట్టిన దొంగలాగ.

చెప్పేస్తే పోయేది. ఆ క్షణం దాటింది, తర్వాత రోజు దాటింది. ఎంత ఆలస్యమైతే అంత చెప్పలేకపోయాను. ఇంట్లో అందరూ నవ్వుతున్నారు. ఎలా చెప్పను? నాలుగు సాళ్ళే కదా, మొక్కలు పచ్చగానే ఉన్నాయి కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. నిజంగానే అప్పటికి మొక్కలు బాగున్నాయి. పైకి ఏ తేడా లేదు.

నెల తిరిగాక తెల్లదోమ వచ్చింది. పక్క పొలాల్లో టమాటా అప్పటికే ముడుచుకుపోయింది. ఆకు తిప్పితే దోమ పిండి చల్లినట్టు లేచేది. కోడలు సాళ్ళ మధ్య పసుపు అట్టలకి జిగురు రాసి కట్టింది. అంటుకున్నవి అంటుకున్నాయి, మిగతావి మొక్కల మీదే ఉన్నాయి. మా అబ్బాయి నవ్వు మానేశాడు. పొద్దున లేవగానే ముందు చేలోకి, తర్వాతే ముఖం కడుక్కోవడానికి. రోజూ వాడి వెనకాలే నేనూ వెళ్ళేవాణ్ణి. వాడు అరవై సాళ్ళూ చూసేవాడు. నేను నాలుగే చూసేవాణ్ణి.

ముందు మూడో సాల్లో కనిపించింది. చిగురు పసుపు తిరిగింది. రెండు రోజులకి ఒకటో సాలు, నాలుగో సాలు. వారం తిరిగేసరికి రోడ్డు పక్క నాలుగు సాళ్ళల్లో సగం మొక్కలు ఆకులు ముడిచేసుకుని గిడసబారిపోయాయి. ఐదో సాలు నుంచి అవతలికి జబ్బు లేదని కాదు. అక్కడొకటి ఇక్కడొకటి ఆకు ముడిచింది. అయినా ఆ మొక్క ఎదుగుతూనే ఉంది, పూత నిలుపుకుంది, పిందె వేసింది. మరీ ముదిరినవాటిని కోడలు సంచీలో మూసి పీకేసేది. నాలుగో సాలుకీ ఐదో సాలుకీ మధ్య మనిషి నడిచే దారి ఒక్కటే. అటు ఒక చేను, ఇటు ఒక చేను.

"రోడ్డు వైపు నుంచి దోమ ఎక్కువ వస్తోందేమో," అన్నాడు అబ్బాయి.

ఆ సాయంత్రం కోడలు ఒకటి నుంచి ఎనిమిది దాకా ప్రతి సాల్లోంచీ వేళ్ళ దగ్గర మట్టి చెంచాడు తీసి, ఎనిమిది గాజు సీసాల్లో ఉడికించిన గింజల మీద చల్లి, సీసాలకి అంకెలు అంటించి వంటింటి కిటికీ గట్టు మీద వరసగా పెట్టింది. అక్కడ ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు తట్టలేదు. నేను రోజుకి మూడుసార్లు కూర్చునేది ఆ కిటికీ ఎదురుగానే.

వారం పాటు నాకు అన్నం సయించలేదు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది సీసాల్లో ముందు తెల్లనూగు వచ్చింది, తర్వాత చక్కగా పచ్చబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు సీసాల్లో గింజలు జిగటగా కుళ్ళి నల్లబడ్డాయి. పచ్చదనం జాడ లేదు. కోడలు నాకు వడ్డిస్తూ ఆ సీసాల వైపు చూసింది. తర్వాత గోడ మీద కొక్కెం వైపు చూసింది. ట్యాంకు ఎప్పటిలాగే ఉంది, దాని మీద మాత్రం పెద్దగా దుమ్ము లేదు. పక్కనున్న పాత గొడుగు మీద వేలెడు దుమ్ము ఉంది.

"ఇంకొంచెం వేయమంటారా మావయ్యా?" అంది.

"వద్దమ్మా," అన్నాను.

తనకి తెలిసిపోయింది. తెలిసీ ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తిడితే నేను తిరిగి అరిచేవాణ్ణి, అదో దారి. ఏమీ అనకుండా నాకు మంచినీళ్ళ గ్లాసు అందించి వెళ్ళిపోయింది.

తొలి కోత రోజు ఎండ అప్పుడే ఎక్కుతోంది. మా అబ్బాయి బుట్టలు తెచ్చి గట్టు మీద పెట్టాడు. చెప్పినట్టే ఇటుకలాయన స్కూటర్ మీద వచ్చాడు. చేతిలో కొలిచే కర్ర, దాని మీద ఎర్రరంగు గీతలు. స్కూటర్ దిగగానే ఆయన కాళ్ళ ముందున్నవి ఆ నాలుగు సాళ్ళే.

"అయ్యయ్యో," అన్నాడు, నిజంగా బాధపడుతున్నట్టే. "ఈసారీ వచ్చేసిందే!"

"అటువైపు బాగుందండీ," అన్నాడు మా అబ్బాయి.

"ఇవాళ బాగుంటుంది బాబూ. పోయినేడాది కూడా ఇలా ఓ పక్కే మొదలై పది రోజుల్లో చుట్టేసింది కదా. నువ్వే చెప్పావు. రోడ్డు వైపు నుంచి వస్తోంది, లోపలికి పోకుండా ఆగుతుందా?" కర్రని మొదటి సాల్లో మట్టిలోకి గుచ్చాడు. అది మెత్తగా దిగిపోయింది. "ఒకటి రెండు బుట్టలు కోస్తారు, మళ్ళీ కాలుస్తారు. చూసేవాళ్ళకే బాధగా ఉంది. నువ్వు ఊ అంటే రేపే మనుషుల్ని దింపుతాను."

మా అబ్బాయి పెళ్ళాం వైపు తిరిగాడు. "చెప్పు. ఈ నాలుగు సాళ్ళు ఎందుకు ఇలా అయ్యాయి? మిగతావి కూడా ఇలా అవవని ఏమిటి నమ్మకం? నీ బూజు అక్కడ పనిచేసి ఇక్కడ ఎందుకు పనిచెయ్యలేదు?"

తను నోరు తెరిచింది. నా వైపు చూడలేదు. చూస్తే నా పేరు చెప్పినట్టవుతుందని కాబోలు, నేలకేసి చూసింది. "నాకు..." అని ఆగిపోయింది. వేళ్ళతో కొంగు అంచు మడతలు పెడుతోంది. ఆ పంట కోసం మూడు నెలలు వేళాపాళా లేకుండా పనిచేసిన మనిషి, ఒక్క మాటతో గెలిచే మనిషి, ఆ మాట మింగేసి నిలబడింది.

"తెలీదు కదా," అన్నాడు అబ్బాయి. వాడి భుజాలు దిగిపోయాయి. ఇటుకలాయన వైపు తిరిగాడు. "సరేనండీ, అయితే..."

"ఆగరా," అన్నాను.

అందరూ నా వైపు చూశారు.

"ఈ నాలుగు సాళ్ళూ నేను పాడుచేసినవి. నాటిన పన్నెండో రోజున బూజుమందు పోశాను. కోడలి బూజుని చూసి వేరుకుళ్ళు అనుకున్నాను. పొడి అయిపోయింది కాబట్టి నాలుగింటితో ఆగాను. ఉండి ఉంటే మొత్తం చంపేసేవాణ్ణి."

ఇటుకలాయన గట్టిగా నవ్వాడు. "పెద్దాయనా, కోడలంటే ఎంత అభిమానమండీ మీకు! ట్యాంకు మందు తప్పు కొట్టాడంటే ఈ చుట్టుపక్కల నమ్మేవాడు ఒక్కడున్నాడా?"

అక్కడ తగిలింది నాకు దెబ్బ. నలభై ఏళ్ళ నా మంచిపేరే నా నోటికి అడ్డం పడింది.

"నమ్మకపోతే చూడవయ్యా!" అని అరిచాను. ఈసారి నా అరుపు పనికొచ్చింది. వంగి నాలుగో సాల్లో ఓ మొక్కని మట్టితో సహా పెకలించాను, దారి దాటి ఐదో సాల్లో ఇంకోటి పెకలించాను. రెండూ పక్కపక్కన గట్టు మీద పడేశాను. నాలుగో సాలు మొక్కకి నాలుగు బక్క వేళ్ళు, గోధుమరంగువి. ఐదో సాలు దానికి గుప్పిట్లో పట్టనన్ని తెల్లటి వేళ్ళు, వాటిని పట్టుకుని వదలని మట్టి. "అరవై సాళ్ళకీ ఒకటే నారు, ఒకటే నీళ్ళు, ఒకటే దోమ. మధ్యలో ఉన్నది ఈ అడుగు దారి. దోమకి ఈ దారి దాటడం చేతకాదంటావా? తేడా నా ట్యాంకు ఒక్కటే. ఖాళీ ప్యాకెట్ అటక మీద నా పెట్టె అడుగున ఉంది, వెళ్ళి తెచ్చుకోరా."

మా అబ్బాయి వెళ్ళలేదు. నా మొహంలోకి చాలాసేపు చూశాడు. వాడు నన్ను అలా చూడటం నేను తట్టుకోలేకపోయాను.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"రెండు నెలలు."

"రెండు నెలల నుంచి రోజూ నా వెనకాల తిరుగుతూ కూడా చెప్పలేదు."

"చెప్పలేదు."

వాడు వంగి రెండు మొక్కల్నీ చేతిలోకి తీసుకున్నాడు. ఐదో సాలు వేళ్ళని బొటనవేలితో రాశాడు. తర్వాత ఇటుకలాయన కర్రని మట్టిలోంచి లాగి, కొసన అంటిన మట్టి వేళ్ళతో తుడిచి మళ్ళీ సాల్లోనే వేసి, కర్రని ఆయన చేతికిచ్చాడు. "మీకు ఆలస్యమవుతోందేమోనండీ," అన్నాడు. బుట్ట తీసుకుని ఐదో సాల్లోకి దిగాడు.

ఆ రోజు ఎన్ని బుట్టలు కోశామో నేను చూడలేదు. నన్ను కొయ్యమని ఎవరూ అనలేదు, నేను దిగలేదు. మా అబ్బాయి నాతో నెల రోజులు మాట్లాడలేదు. ఇటుకలాయన ఊరంతా నవ్వుతూ చెప్పాడు. ట్యాంకు తన పొలానికే మందు పెట్టుకున్నాడని టీ కొట్టు దగ్గర ఒకటే వేళాకోళం. నన్ను మందు కొట్టడానికి పిలిచేవాళ్ళు కూడా తగ్గారు. మా ఆవిడ మాత్రం, "ఆ చొక్కా రోజే అనుకున్నాను," అని ఊరుకుంది. ఆమె ఊరుకుందంటే నా మీద జాలిపడినట్టు లెక్క.

ఒక రోజు వరండాలో కోడల్ని అడిగాను. "నువ్వెందుకు చెప్పలేదమ్మాయ్? నీకు తెలుసు."

"నేను చెబితే ఎవరు నమ్ముతారు మావయ్యా? పంట పోయేసరికి మామగారి మీదికి నెట్టేస్తోందంటారు." మడతపెడుతున్న బట్ట పక్కన పెట్టింది. "సీసాలు కనబడేలా పెడితే మీరే చెబుతారనుకున్నాను. మీరు చాలా ఆలస్యం చేశారు. కోపం రాలేదనుకోకండి, చాలా వచ్చింది. ఆ వారమంతా మీకు కూరలో ఉప్పు ఎక్కువే వేశాను."

"నాకు తెలీనే లేదు."

"మీరు తింటేగా!"

ఇద్దరం నవ్వాం. నవ్వుతుండగానే నాకు కళ్ళు చెమర్చాయి. తను అటు తిరిగి బట్టలు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది.

పంట అయ్యాక ఆ నాలుగు సాళ్ళ గురించి అడిగాను. మందు నేలలో మిగిలే ఉంటుందట, పచ్చమ్మ మళ్ళీ కాలు నిలదొక్కుకోవడానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేనంది. ఆ పని నాకివ్వమన్నాను. పచ్చపొడి కలిపిన ఎరువు గోనెపట్టాల కింద తడిపి, వారానికోసారి బుట్టలో మోసుకెళ్ళి ఆ నాలుగు సాళ్ళల్లో పరిచి, పైన ఎండుగడ్డి కప్పేవాణ్ణి. ప్రతిసారీ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాణ్ణి, రెండుసార్లు, ఎవరూ అడక్కుండానే. రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మళ్ళీ ఆగి చూసేవారు. చూస్తే చూడనీ అనుకున్నాను.

వానలు పడి ఆగిన తర్వాత ఒక పొద్దున, రెండో సాల్లో ఎండుగడ్డి ఎత్తి చూశాను. ఎరువు ముద్ద మీద సన్నటి తెల్లదారం. దాని పక్కన ఇంకోటి. నా కుడిచెయ్యి దానంతట అదే భుజం మీదికి, ట్యాంకు పట్టీ ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించుకున్నాను.

"అమ్మాయ్!" అని కేక వేశాను. "ఇలా రా! పట్టింది!"

గట్టు మీద మా అబ్బాయి ఉన్నాడు. తను రాకముందే వాడు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"కప్పెయ్యి నాన్నా, ఎండ తగుల్తోంది," అన్నాడు.

నేను ఎండుగడ్డి కప్పేశాను.